దాటేసిన పేజీలు

మెట్ల కింద దగ్గు వినపడగానే ఆమె పొయ్యి మీది నీళ్ళగిన్నె దించింది. మసిగుడ్డతో పట్టుకుని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి బకెట్లో పోసింది. వేలు ముంచి చూసి, చన్నీళ్ళు కలిపింది. వచ్చి గుమ్మంలో నిలబడింది. మళ్ళీ వెళ్ళి వేలు ముంచింది. నీళ్ళ సంగతి తెలియక కాదు, ఒకచోట నిలబడితే ఆ దగ్గు వినాల్సి వస్తుందని.

దగ్గు మెట్ల మలుపు దగ్గర ఆగింది. పోయిన చలికాలం దాకా ఆయన ఆ మలుపులో ఆగేవాడు కాదు. ఇప్పుడు గోడకి చెయ్యి ఆనించి, ఎవరైనా దిగి వస్తే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి నటిస్తాడు.

"వచ్చేస్తున్నాలేవే. తొంగి చూడక్కర్లేదు" అన్నాడు అక్కణ్ణించే.

"నేనేం చూడట్లేదండీ" అంది ఆమె, పిట్టగోడ మీంచి వంగి చూస్తూనే.

మనిషి సన్నగా ఉంటాడు. చేతులు మాత్రం ఇంకెవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నట్టు ఉంటాయి. ముంజేతుల మీద వెంట్రుకన్నది లేదు. బట్టీ సెగకి ఏనాడో మాడిపోయాయి. మణికట్ల పైన అడ్డంగా కాలిన మచ్చలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. కనుబొమ్మల్లో, చెవి మడతల్లో, మెడ ముడతల్లో పిండి. బేకరీలో కడుక్కుని వస్తాడు, ఇంటికొచ్చి స్నానం చేస్తాడు, అయినా ఆయన తల పెట్టుకున్న దిండుని దులిపితే సన్నగా రాలుతుంది.

ఆయన రొట్టెలు కాలుస్తాడు. పెళ్ళికి ముందు నుంచీ అదే బేకరీ, అదే బట్టీ. చీకటి పడగానే వెళ్ళి తెల్లవారాక వస్తాడు. ఆమె ఊళ్ళో లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంది. ఎండెక్కగానే వెళ్ళి పొద్దుగూకాక వస్తుంది. ఇద్దరూ మెలకువగా ఒకే ఇంట్లో ఉండేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. "మీకు ఆ అమ్మాయి ఎలా పుట్టిందమ్మా?" అని కింది వాటా ముసలావిడ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. ఆ అమ్మాయి పెరిగి, పెళ్ళి చేసుకుని, బస్సెక్కితే పూటలో చేరగలిగే ఊళ్ళో కాపురం ఉంది. ముసలావిడ జోకు మాత్రం అక్కడే ఉంది.

స్నానం చేసి వచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె కంచం ముందు పెట్టి, కళ్ళద్దాలు తగిలించుకుని, పుస్తకం తీసింది.

ఇదీ వాళ్ళ అలవాటే. కొన్నేళ్ళ కిందట లైబ్రరీలో అట్ట ఊడిన పుస్తకం ఒకటి అతికించడానికని ఆమె ఇంటికి తెచ్చింది. అది ఉప్పు గురించి. మొత్తం పుస్తకం ఉప్పు గురించే. ఉప్పు కోసం వేసిన దారులు, ఉప్పు మీద పన్ను వేసిన రాజులు, ఆ పన్ను ఎగ్గొట్టడానికి జనం పడ్డ తిప్పలు. ఆయన తింటూ తింటూ కునికిపాట్లు పడుతుంటే, పళ్ళెంలో మొహం పెట్టకుండా ఉండాలని ఆమె రెండు పేజీలు పైకి చదివింది. ఆయన నిద్ర ఎగిరిపోయింది. "ఉప్పుకి ఇంత కథ ఉందా!" అన్నాడు. అప్పటినుంచీ లైబ్రరీలో ఆ అరలో ఉన్నవన్నీ వరసగా ఇంటికొచ్చాయి. పంచదార పుస్తకం చదివిన రోజుల్లో, ఆ చెరకుతోటల్లో బానిసల గురించి విని, ఆయన కాఫీ చప్పగా తాగాడు. వారం దాటాక మళ్ళీ చెంచా అడిగాడు, సిగ్గుపడుతూ. బంగాళాదుంప తింటే కుష్టు వస్తుందని ఒకప్పుడు జనం భయపడ్డారని విన్న మర్నాడు, తొక్క తీస్తున్న దుంపని వెలుతురుకెత్తి "నిన్ను చూసి హడలిపోయార్టే" అని పలకరించాడు.

రొట్టె పుస్తకాన్ని ఆయనే చివరికి ఉంచమన్నాడు. ఇంట్లో వాళ్ళ విస్తరి చివర వెయ్యడం మర్యాద కదా అన్నాడు.

అది మొదలుపెట్టాక అంతా సాఫీగానే సాగింది. గోధుమని మచ్చిక చేసుకున్నదెవరు, పిండి పులుస్తుందని కనిపెట్టిందెలా, రొట్టె ధర పెరిగితే జనం వీధుల్లోకి వచ్చి ఎంతెంత పెద్దవాళ్ళని గద్దె దింపారు. మధ్యలో ఒక అధ్యాయం వచ్చింది. అది రొట్టె గురించి కాదు, కాల్చినవాళ్ళ గురించి. ఆమె మొదటి వాక్యం మనసులో చదువుకుంది, రెండోది చదువుకుంది. ఆ అధ్యాయం పేజీలన్నీ కలిపి ఒక్కసారిగా తిప్పేసి తర్వాతి అధ్యాయం మొదలుపెట్టింది. ఆయన నములుతూ ఉన్నాడు.

అది జరిగిన కొద్ది రోజులకే డాక్టరు ఆయన వీపు మీద గొట్టం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి విన్నాడు. ఊపిరితిత్తుల నిండా పిండి ధూళి, గుండె కూడా అలిసిపోయింది, ఇక బట్టీ దగ్గరికి వెళ్ళొద్దు అన్నాడు. "చూద్దాంలెండి" అన్నాడు ఆయన. ఆ రాత్రీ వెళ్ళాడు, ఆ తర్వాత రాత్రీ వెళ్ళాడు.

ఈ పొద్దున ఆమె చివరి అధ్యాయం చదివింది. ఆఖరి వాక్యం అయ్యాక పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"బాగుంది" అని ఆయన చెయ్యి కడుక్కుని, తెర లాగిన గదిలోకి వెళ్ళి పడుకున్నాడు. ఆమె గిన్నెలు తోమింది. తోమినవే ఇంకోసారి తొలిచింది. తలుపు దగ్గరగా వేస్తూ లోపలికి చెవి పెట్టింది. పిల్లికూతల్లాంటి ఊపిరి, పడుతూ లేస్తూ.

*

లైబ్రరీలో ఆమెని అందరూ బొంగరం అంటారు. ఎదురుగా కూడా అంటారు, ఆమె ఏమీ అనుకోదు. తోపుడుబండి నిండా పుస్తకాలు పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకి, ఈ కొస నుంచి మేడ మీదికి. స్టూలు మీద కూర్చోగా ఎవరూ చూడలేదు. ఇవాళ బొంగరం మరీ గిరగిరా తిరుగుతోంది. తోటపని పుస్తకాల మధ్య ఎవరిదో జీవితచరిత్ర పెట్టింది. వెనక్కి వచ్చి తీసింది. కిటికీ తలుపు తెరిచింది, దుమ్మొస్తోందని మూసింది, ఉక్కగా ఉందని మళ్ళీ తెరిచింది.

"అక్కా, ఒక్క నిమిషం ఇలా రా" అని పిలిచింది లైబ్రేరియన్. కూతురి వయసు పిల్ల. బల్ల మీద కంప్యూటర్ని ఆమె వైపు తిప్పింది. "ఆ రొట్టె పుస్తకం నీ పేరు మీదే ముసలిదైపోయేలా ఉంది. ఇంకెన్నిసార్లు పొడిగించను? అది కావాలని మాస్టారు నన్ను చంపేస్తున్నారు."

మాస్టారు అక్కడే ఉన్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు, పేపర్లు చదివే బల్ల దగ్గర రోజూ అదే కుర్చీ. మడిచిన పేపరుతో మోకాలి మీద కొట్టుకుంటూ "ఏమ్మా, ఆ రొట్టె ఇంకా కాలలేదా? మాడిపోయిందేమో కాస్త చూడు" అన్నాడు.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది, కానీ మొహం మాట వినలేదు.

"రేపు తెచ్చేస్తాను మాస్టారూ."

"అంత బాగుందా?"

"బాగుందండీ. కొన్ని పేజీలు మిగిలాయి."

ఆ మాట అన్నాక ఆమెకి ఆ బల్ల దగ్గర నిలబడబుద్ధి కాలేదు. బండి తోసుకుంటూ ఆ అర దగ్గరికి వెళ్ళింది. ఉప్పు, పంచదార, దుంప, తేయాకు, గుడ్డు. వీటన్నిటికీ ఒక్కో మనిషి కూర్చుని ఇంతింత లావు పుస్తకాలు రాశాడు. అవి మనుషుల్ని ఎలా మార్చాయో రాశారు, రాజ్యాల్ని ఎలా పడగొట్టాయో రాశారు. ఆ ఒక్క అధ్యాయం మాత్రం రాయకపోతే ఏం పోయింది? మళ్ళీ అనుకుంది, రాశారు కాబట్టే కదా నాకు తెలిసింది. తెలిసి నేనేం చేశాను? దాటేశాను. ఆ అధ్యాయాన్ని డాక్టరు కంటే ముందే ఆయనకి వినిపించి ఉంటే? వినిపిస్తే మానేసేవాడా? మనిషికి ఉన్నది ఆ ఒక్క పనే, కంచం ముందు కూర్చోబెట్టి నీ పనే నిన్ను తింటోందని తింటున్నవాడికి చదివి చెప్పడం ఎలా?

మధ్యాహ్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని, మూత పెట్టేసి బేకరీకి నడిచింది.

బేకరీ ముందు భాగం అద్దాల దుకాణం, వెనక బట్టీ ఉన్న గది. పగలు బట్టీ చల్లగా ఉండదు, నిద్రపోతున్న పెద్ద జంతువులా వెచ్చగా ఉంటుంది. గోడలు నల్లగా, నేల తెల్లగా. ఓనరు కౌంటర్లో ఉన్నాడు. తన తండ్రి హయాంలో ఈమె మొగుడి పక్కనే పిండి పిసకడం నేర్చుకున్నవాడు, అందుకని ఆమెని వదినా అంటాడు.

"కూర్చో వదినా."

ఆమె కూర్చోలేదు. "పని మానడం గురించి మీ అన్నయ్య ఏమన్నాడు?"

"అడగాల్సింది నేను కదా! నీకేం చెప్పలేదా? మొన్ననే చెప్పాను. ఇక లోపలికి రావద్దు, ఈ కౌంటర్లో కూర్చో, పగటి పని, జీతంలో తేడా రాదన్నాను. ఇవాళ సాయంత్రానికి ఏ సంగతీ చెప్తానన్నాడు. లోపల పనికి ఇంకో మనిషిని మాట్లాడుకున్నాను కూడా." గొంతు తగ్గించాడు. "నిన్న రాత్రి రెండుసార్లు బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు వదినా. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. చూశానని తెలిస్తే ఆయన తట్టుకోలేడు."

ఆమె బట్టీ గది వైపు చూసింది. పిండి బస్తాలు గోడ వారగా పేర్చి ఉన్నాయి. పై బస్తా మూతి కట్టి లేదు. గాలి లేకపోయినా ఆ గదిలో తలుపులోంచి ఎండ పడ్డ చోటల్లా సన్నటి ధూళి లేచి ఆడుతోంది. చూడ్డానికి ఎంత బాగుందో. తిట్టాలనిపించింది, ఎవర్ని తిట్టాలో తోచలేదు.

"అక్కడ కిటికీ పెట్టించొచ్చు కదా" అంది.

"పెట్టించాలి వదినా" అన్నాడు ఓనరు, తల దించుకుని.

*

సాయంత్రం ఆమె వచ్చేసరికి ఆయన లేచి గడ్డం గీసుకుంటున్నాడు. పనికి వెళ్ళేముందు ప్రతిరోజూ గీసుకుంటాడు. రాత్రంతా ఎవరు చూస్తారని అడిగితే, రొట్టెలు చూడవా అంటాడు. ఆమె చెప్పులు విడిచి, సంచీ మేకుకి తగిలించి, తిన్నగా వెళ్ళి పుస్తకం తీసింది. కళ్ళద్దాలు తగిలించుకుంది.

"అయిపోయిందన్నావు కదా?" అన్నాడు అద్దంలోంచి.

"ఒకటి మిగిలింది. కూర్చోండి."

ఆయన సగం నురుగు మొహంతోనే వచ్చి కూర్చున్నాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది. పట్టణాలు ఇంకా నిద్రలో ఉండగా నేలమాళిగల్లో పిండి పిసికినవాళ్ళ గురించి. వాళ్ళ మొహాలు పగటి వెలుతురు ఎరగక పాలిపోయి ఉండేవని. వాళ్ళకి వచ్చే దగ్గు గురించి మూడు వందల ఏళ్ళ కిందటే ఒక వైద్యుడు రాసిపెట్టాడని, పీల్చిన పిండి లోపల ముద్ద కడుతుందని అతను నమ్మాడని. చాలామంది పెద్దవయసు చూడలేదని. తర్వాత తర్వాత కొన్ని దేశాల్లో రాత్రిపూట రొట్టె కాల్చకూడదని చట్టాలు కూడా చేశారని.

అక్కడ ఆగి తలెత్తింది. ఆయన మొహం మీద నురుగు ఆరిపోతోంది. కళ్ళు నవ్వుతున్నాయి.

"ఆ చట్టం వచ్చాక పొద్దున్నే వేడి రొట్టె ఎవడు తిన్నాడంటావు?"

"మీకు వేళాకోళంగా ఉందా? వింటున్నారా అసలు?"

"నేనది చదివేశానే."

ఆమెకి అర్థం కాలేదు.

"నువ్వు దాటేసిన రోజే. పేజీ తిప్పితే ఒక చప్పుడొస్తుంది, పది తిప్పితే ఇంకో చప్పుడు. ఇన్నేళ్ళనుంచీ వింటున్నాను, ఆమాత్రం తెలీదా? నువ్వు వెళ్ళాక తీసి చదివాను. నిదానంగా, వేలు పెట్టుకుని. రెండు పూటలు పట్టింది."

"మరి చెప్పలేదేం?"

"అంత కష్టపడి దాచావు. పాడుచెయ్యడం ఎందుకని."

ఆమె పుస్తకం బల్ల మీద పడేసింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది, పొయ్యి దగ్గరికి వెళ్ళింది, ఎందుకు వెళ్ళిందో తెలియక వెనక్కి వచ్చింది. "చదివి కూడా వెళ్తున్నారా? రోజూ? నేనిక్కడ పగలంతా ఏ కబురు వినాలో అని కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, మీరు చదివేసి, తెలిసి తెలిసి..."

"ఇలా కూర్చో. బొంగరంలా తిరిగితే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

కూర్చుంది.

"అందులో నాకు నచ్చిందేంటో తెలుసా? ఇన్నాళ్ళూ ఈ దగ్గు నా ఒక్కడిదే అనుకున్నాను. నా ఒంట్లోనే ఏదో తేడా ఉందని. అది దాచుకుందామని మెట్ల దగ్గర వంగి చెప్పులు సరిచేసుకునేవాణ్ణి. తీరా చూస్తే మూడొందల ఏళ్ళ కింద, భాష తెలీని ఊళ్ళో, ఎవడో నాలాగే దగ్గాడట. వాడు కాల్చిన రొట్టె తిని జనం బతికారు, గొడవలు చేశారు, రాజుల్ని దింపారు. వాడి పేరు ఎవరికీ తెలీదు. దగ్గు మాత్రం పుస్తకంలోకి ఎక్కింది." ఆయన నవ్వబోతే దగ్గు వచ్చింది. ఆమె వీపు మీద చెయ్యి వేసి రాసింది. తగ్గాక అన్నాడు, "సిగ్గు పోయిందే. అంతే."

"అయితే మానేస్తారా?"

ఆయన చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "కౌంటర్లో కూర్చుని రమ్మని పిలిచి అమ్మడం నాకు చేతనవునా? అది కూడా పక్కన పెట్టు. రాత్రి ఏం చెయ్యను? నాకు రాత్రి పడుకోవడం రాదు."

నిజమే. సెలవు వచ్చిన రాత్రుళ్ళు కూడా ఆయనకి నిద్ర పట్టేది కాదు. ఆమె నిద్ర చెడగొట్టకూడదని వంటింట్లో దీపం పెట్టుకుని, కత్తులకి పదును పెడుతూ కూర్చునేవాడు.

"నేను నేర్పిస్తాను" అంది ఆమె.

ఆయన ఆమె వైపు చూశాడు. తర్వాత లేచి, మిగిలిన సగం గడ్డం గీసుకుని, మొహం కడుక్కుని, ఓనరుకి ఫోన్ చేశాడు. "ఇవాళ రాను. రేపు కౌంటర్ సంగతి మాట్లాడదాం" అన్నాడు. అవతల నుంచి ఏం వినపడిందో, "ఊఁ... ఊఁ... సరేలేరా" అని పెట్టేశాడు. పెట్టేశాక, దారి తప్పినవాడిలా గది మధ్యలో నిలబడ్డాడు.

దోమలు అప్పుడే మొదలయ్యాయి. పగలు పడుకునే మనిషికి దోమలతో పని లేదు, ఆమె ఒక్కతీ ఫ్యాను కింద ముసుగు పెట్టి పడుకునేది. పెళ్ళికి ఎవరో ఇచ్చిన జోడు మంచాల దోమతెర ఒకటి ఉండాలని ఆమెకి గుర్తొచ్చింది. ఒక్కదానికి అంత తెర ఎందుకని ఏనాడూ విప్పలేదు. బీరువా అడుగున దొరికింది. మడతల దగ్గర పసుపురంగుకి తిరిగింది కానీ ఎక్కడా చిరగలేదు. ఇద్దరూ కలిసి నాలుగు మూలలా కట్టారు. ఆయనకి తెర కట్టడం తెలీదు, ఒక మూల ఎక్కువ లాగాడు, రెండో మూల జారిపోయింది. ఆమె నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. కొత్త కాపురంలా ఉందన్నాడు.

లోపలికి దూరాక, ఎవరి పక్కన వాళ్ళు తెర అంచు పరుపు కిందికి దోపుకున్నారు. ఆమె చేత్తో గబగబా తోసేసింది. ఆయన మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, అంచుని సమానంగా మడిచి, బొటనవేళ్ళతో నొక్కుతూ, తల దగ్గర నుంచి కాళ్ళ దాకా దోపుకుంటూ వెళ్ళాడు.

"అది పరుపండీ, రొట్టె కాదు."

"అంచు విడిపోతే ఏదైనా ఒకటే" అన్నాడు.

దీపం తీసేశారు. కాసేపు ఆయన ఇటు దొర్లాడు, అటు దొర్లాడు. రాత్రి ఇంత చప్పుడు లేకుండా ఉంటుందా అన్నాడు. గుడ్డు పుస్తకంలో ఏముందో ఏదైనా చెప్పమన్నాడు, అది మనం చదివేశాం కదండీ అంటే, చదివిందే చెప్పు అన్నాడు. ఆమె గుర్తున్నది చెప్పింది. చెప్తూ చెప్తూ ఆమే ముందు నిద్రపోయింది. పగలంతా తిరిగిన కాళ్ళు ఒక్కసారి ఆగేసరికి, ఎన్నాళ్ళుగానో ఎరగని నిద్ర పట్టింది.

తెల్లవారి మెలకువ వచ్చేసరికి మెట్ల మీద దగ్గు కోసం చెవి పెట్టింది. ఆ తర్వాత గుర్తొచ్చింది, పక్కనే ఉన్నాడని. ఆయన ఆమె వైపు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని ఉన్నాడు. పిల్లికూతలు లేవు. నిద్ర నేర్చుకున్నాడనుకుంది. లేపకూడదని మెల్లగా కదిలి, అప్పుడు ఆయన చేతిని తాకింది.

ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. నీళ్ళు పెట్టలేదు, తలుపు తియ్యలేదు, ఎవర్నీ పిలవలేదు. పక్కనే కూర్చుంది. వెలుతురు పూర్తిగా వచ్చి, కింది వాటాలో గిన్నెల చప్పుడు మొదలయ్యేదాకా కదలకుండా కూర్చుంది.

తర్వాత మనుషులు వచ్చారు. కూతురొచ్చింది, ఓనరొచ్చాడు, డాక్టరొచ్చాడు. వచ్చిన ప్రతివాళ్ళూ ఆమె వైపు నుంచే తెర ఎత్తారు, ఆమె వైపు నుంచే ఆయన్ని దించారు. అందరూ వెళ్ళిపోయిన రోజు సాయంత్రం కూతురు తెర విప్పబోతే ఆమె వద్దంది. ఆమె వైపు అంచు ఊడి, నేల మీదికి వేలాడుతోంది. ఆయన వైపు అంచు మాత్రం తల దగ్గర నుంచి కాళ్ళ దాకా ఒకే మడతగా, బొటనవేళ్ళ నొక్కులతో, ఎక్కడా విడిపోకుండా పరుపు కింద అలాగే ఉంది.